అకాడియన్ కుటుంబ వారసత్వానికి ఒక బొంత: జెండా నక్షత్రం ఒక్కటే చాలుతుందా?

మాధవి_మాంక్టన్
మా వారిది కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో మెమ్రమ్‌కుక్ లోయకు చెందిన అకాడియన్ కుటుంబం, అంటే 17వ శతాబ్దంలో అక్కడి తూర్పు తీరానికి వచ్చి స్థిరపడిన ఫ్రెంచివారి సంతతి. ఇంటిపేరు లెబ్లాన్. వచ్చే ఆగస్టు 15న, అంటే అకాడియన్ల జాతీయ పండుగ నాడు, బంధువులందరూ మా అత్తగారింట్లో కలుస్తున్నారు. ఆ రోజుకు ఆమెకు ఒక బొంత కుట్టి ఇవ్వాలని సంకల్పించాను. అకాడియన్ బొంతల నమూనాల కోసం వెతికితే ఎక్కడ చూసినా ఒకటే కనిపిస్తోంది: నీలం, తెలుపు, ఎరుపు పట్టీల మీద పెద్ద పసుపు నక్షత్రం. జెండా మీద నాకు గౌరవం ఉంది కానీ, ఏ దుకాణంలోనైనా కొనగలిగే జెండానే మళ్ళీ గుడ్డముక్కలతో కుడితే అందులో ఈ కుటుంబం ఎక్కడుంటుంది?

మా అత్తగారు నాకు ఒక పెట్టె అప్పగించారు. అందులో కీర్తిశేషులైన మా మామగారి గళ్ల ఉన్ని చొక్కాలు, ఆయన తల్లిగారి నూలు ఏప్రన్లు, పిండి సంచుల గుడ్డతో కుట్టిన దిండు గలేబులు ఉన్నాయి. వాటిని కోసుకోవడానికి ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. నా ప్రశ్నలు మూడు. బొంత మీద ఏమి చూపించాలి? ఉన్నిని, పలచబడిన నూలును ఒకేచోట ఎలా కుట్టాలి? బ్రిటిష్ వారు అకాడియన్లను వారి నేల నుంచి వెళ్ళగొట్టిన 1755 నాటి విషాదాన్ని ఇందులోకి తేవాలా, వద్దా?

బొంతల_సరోజిని
పెట్టెలోనే సగం సమాధానం ఉంది. కొత్త గుడ్డ ఒక్క గజం కూడా కొనకండి. మా తెనాలి వైపు ఎవరింట్లో బొంత కుట్టినా అమ్మమ్మ చీర ఏది, తాతయ్య పంచె ఏది అని పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. ఆ గుర్తింపు కొత్త గుడ్డతో రాదు.

వెంకట_టొరంటో
నాకు ఒక సందేహం. ఇది తమ నేల నుంచి వెళ్ళగొట్టబడిన ఒక జాతి చరిత్ర. బయటి నుంచి వచ్చిన మనం దాన్ని మన చేతులతో చెప్పబూనడం సబబేనా? అత్తగారి తరఫు వారే ఎవరైనా కుడితే బాగుంటుందేమో. మాధవి గారిని నొప్పించాలని కాదు, ఆలోచించవలసిన విషయమని రాస్తున్నాను.

బొంతల_సరోజిని
వెంకట గారూ, కోడలు కుట్టిన బొంత ఆ ఇంటిది కాకపోతే మరెవరిది?

చలపతి_చరిత్ర
వెంకట గారి ప్రశ్న న్యాయమైనదే, అయితే దానికి జవాబు మాధవి గారి చేతిలో కంటే వారి అత్తగారి చేతిలో ఉంది. ఆమె తన భర్త చొక్కాలను తెచ్చి ఇచ్చారంటే అనుమతి ఇచ్చినట్టే. ఆమెను కూర్చోబెట్టి, ప్రతి గుడ్డ గురించి ఆమె చెప్పేది రాసుకుని, నమూనా తేల్చేటప్పుడు కూడా ఆమెను పక్కనే ఉంచుకుంటే ఇక అభ్యంతరానికి తావుండదు.

ఏమి చూపించాలన్న దాని గురించి నాకు తోచినది రాస్తాను. నేను హాలిఫాక్స్‌లో ఉంటాను. అకాడియన్ల పాత ఊరు గ్రాన్ ప్రే ఇక్కడి నుంచి కారులో గంట దూరం. అకాడియన్ల జెండా 1884 ఆగస్టు 15న, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలోని మిస్కూష్ పట్టణంలో జరిగిన రెండవ జాతీయ మహాసభలో ఆమోదం పొందింది. ఆగస్టు 15ను పండుగగా ఎంచుకున్నది అంతకు మూడేళ్ళ ముందు, 1881లో, మీ మెమ్రమ్‌కుక్‌లోనే. లెబ్లాన్‌ల మూలపురుషుడు దానియెల్ లెబ్లాన్ పోర్ట్ రాయల్ దగ్గర స్థిరపడినది మాత్రం 1650 ప్రాంతంలో. ఆయన, ఆయన భార్య ఫ్రాన్స్వాజ్ గోదే, వారి పిల్లలు 1671 నాటి మొదటి జనాభా లెక్కల్లో కనిపిస్తారు. అంటే ఆ కుటుంబం ఆ నేల మీద రెండు వందల ఏళ్ళకు పైగా బతికిన తరువాత పుట్టిన జెండా అది. జెండాకు ముందు ఏముందో అది కుట్టండి.

ముందున్నది కరకట్ట. ఫండీ అఖాతంలో ఆటుపోట్ల తేడా కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా ఉంటుంది. అకాడియన్లు అడవిని నరికి పొలం చేసుకోవడం కంటే సముద్రపు పోటు ముంచే బురద మేటలను సాగులోకి తెచ్చుకోవడానికే మొగ్గు చూపారు. ఉప్పునీటి గడ్డిని వేళ్ళతో సహా ఇటుకల్లా కోసి, వరస మీద వరస పేర్చి కట్టలు కట్టారు. కట్ట అడుగున చెక్క తూము ఒకటి ఉంటుంది. దానికి సముద్రం వైపు తలుపు వేలాడుతుంది. పోటు వచ్చినప్పుడు నీటి ఒత్తిడికి ఆ తలుపు తనంతట తానే మూసుకుంటుంది; ఆటు సమయంలో లోపలి వాననీరు దాన్ని తోసుకుని బయటకు పోతుంది. దీన్ని వారు అబ్వాతో అంటారు. వానలకు, కరిగే మంచుకు రెండు మూడేళ్ళలో ఉప్పు కడుక్కుపోయి మంచి గోధుమ భూమి తయారయ్యేది. ఈ పని ఒక్క కుటుంబం వల్ల అయ్యేది కాదు, ఊరంతా కలిసి చేసేవారు. గ్రాన్ ప్రే పొలాలకు 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు ఈ వ్యవసాయాన్ని కూడా అందులో పేర్కొన్నారు.

కుట్లు_కబుర్లు
చలపతి గారూ, తూము తలుపు వర్ణన చదువుతుంటే మా కృష్ణా కాలువ లాకుల దగ్గర నిలబడినట్టే ఉంది. కానీ దీన్ని గుడ్డ మీదకు ఎలా తెస్తారు? బొమ్మలు గీసి అతికిస్తే పిల్లల పటంలా ఉంటుందేమోనని భయం.

సూదిదారం_సుజాత
బొమ్మ గీయనక్కరలేదు. లాగ్ క్యాబిన్ అనే పాత నమూనా దీనికి అచ్చంగా సరిపోతుంది. మధ్యలో ఒక చదరం, దాని చుట్టూ ఒకదాని మీద ఒకటిగా పట్టీలు పేర్చుకుంటూ వెళ్ళడం. అంటే చలపతి గారు చెప్పిన గడ్డి ఇటుకల వరసలే. ఒక్కో గడిలో ఆనుకుని ఉన్న రెండు పక్కల లేత రంగు పట్టీలు, మిగిలిన రెండు పక్కల ముదురు రంగు పట్టీలు వేస్తే గడి ఐమూలగా రెండు సగాలు అవుతుంది. అటువంటి గడులను ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా తిప్పి, ముదురు పక్కన ముదురు, లేత పక్కన లేత వచ్చేలా అమర్చితే బొంత ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూల గీతలు పడతాయి. ఆ అమరికను స్ట్రెయిట్ ఫర్రో అంటారు, అంటే నాగటి చాలు. లేత వైపు పొలం, ముదురు వైపు సముద్రం, వాటి నడుమ గీత కట్ట.

ఇక ఉన్ని, నూలు సంగతి. నేను హ్యూస్టన్‌లో చాలా కాలంగా పాత బట్టలతో కుడుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: వాటిని నేరుగా ఒకదానికొకటి కుట్టకండి. ఉన్ని సాగుతుంది, పలచని నూలు సాగదు. అంచులు వంకర పోతాయి. ప్రతి గడికీ అడుగున ఒక పాత దుప్పటి ముక్క పరిచి, పట్టీలను దాని మీదకే కుట్టుకుంటూ వెళ్ళండి. అప్పుడు బరువంతా ఆ అడుగు గుడ్డ మోస్తుంది, పైన ఏ రకం గుడ్డ ఉన్నా కదలదు. పూర్వం లాగ్ క్యాబిన్లను ఎక్కువగా ఇలాగే కుట్టేవారు.

కొలతలు కూడా ఇస్తున్నాను. కుట్టిన తరువాత గడి 12 అంగుళాలు రావాలి. మధ్య చదరం 3 అంగుళాలు, దాని చుట్టూ ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు చుట్లు. ఉన్ని అంచు పీచు లేస్తుంది కనుక కుట్టుకు పావు అంగుళం చాలదు, 3/8 అంగుళం వదలండి. అంటే చదరాన్ని మూడున్నర అంగుళాలకు కాదు, 3 3/4 అంగుళాలకు కోయాలి. పట్టీలను 2 1/4 అంగుళాల వెడల్పుకు కోయాలి. అడ్డం 5, నిలువు 6 చొప్పున 30 గడులు వేస్తే 60 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు వస్తుంది. ఒంటి మంచానికి చక్కగా సరిపోతుంది.

మాధవి_మాంక్టన్
సుజాత గారూ, ఇది చదివి ఆ చొక్కాలన్నీ నేల మీద పరిచి చూశాను. ముదురు వైపుకు ఉన్ని, లేత వైపుకు ఏప్రన్లు, పిండి సంచులు సరిగ్గా పంచుకున్నట్టు కుదిరాయి. మెమ్రమ్‌కుక్ దగ్గర నది ఒడ్డున బురద ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది. మామగారి చొక్కాల్లో రెండు ఆ రంగువే. మధ్య చదరానికి ఏ రంగు వేయాలో తోచడం లేదు.

సూదిదారం_సుజాత
సంప్రదాయం ప్రకారం ఎరుపు వేస్తారు. ఇంటి నడుమ పొయ్యికి అది గుర్తని చెబుతారు.

చలపతి_చరిత్ర
ఎరుపుకు అకాడియన్ల ఇంట అంతకంటే దగ్గరి కారణం ఉంది. వారు గొర్రెల ఉన్ని, అవిసె నార వడికి నేసుకునేవారు. అయితే మంచి ఎరుపు అద్దకం వారికి ఇంట్లో సులభంగా అబ్బేది కాదు. అందువల్ల ఆడవారు ఇంగ్లిషు వర్తకులు తెచ్చిన ఎర్రటి ఉన్ని గుడ్డను కొని, దాన్ని ముక్కలుగా కోసి, పీచు పీచుగా విడదీసి, ఏకి, మళ్ళీ వడికి, తమ లంగాల మీద చారలుగా నేసుకునేవారని ఆ కాలపు వర్ణనలు ఉన్నాయి. నలుపు, ఎరుపు వారికి ప్రీతిపాత్రమైన రంగులట. ఒకరి గుడ్డను విప్పి తమ గుడ్డగా మార్చుకోవడం వారి చేతిపనిలో మొదటి నుంచీ ఉందన్నమాట. మధ్య చదరాలకు పాత ఎర్ర ఉన్ని వస్త్రం ఏదైనా దొరికితే దానికి మించినది లేదు.

బొంతల_సరోజిని
అద్భుతం. పీచు విప్పి మళ్ళీ వడికిన ఆ ఓపికకు దండం పెట్టాలి.

లలిత_లఫాయెట్
లూసియానా నుంచి నా మాట కూడా వినండి. ఇక్కడి కేజన్లు ఆ అకాడియన్ల సంతతే. 1765లో బోసొలేయ్ అని పేరుపడిన జోసెఫ్ బ్రూసార్ వెంట సుమారు రెండు వందల మంది వచ్చారు; 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో దాదాపు 1,600 మంది దిగారు. వీరి ఇళ్ళలో గొప్పగా చెప్పుకునేది గుడ్డముక్కల బొంత కాదు, మగ్గం మీద నేసిన దుప్పటి. సహజంగానే గోధుమ రంగులో కాసే ఒక పత్తిని వీరు పెంచేవారు. దాన్ని కోతోన్ జోన్ అంటారు. తల్లులు ఆ నూలుతో దుప్పట్లు నేసి కూతుళ్ళ పెళ్ళికి సారెగా ఇచ్చేవారు. ఈ విద్యను 20వ శతాబ్దం చివరి దాకా నిలబెట్టిన గ్లాడిస్ లెబ్లాన్ క్లార్క్ గారికి 1997లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం లభించింది. ఇంటిపేరు గమనించారా, మాధవి గారూ?

అందుచేత అకాడియన్ వారసత్వం అంటే ప్యాచ్‌వర్క్ అనుకోవడం కొంత పొరపాటని నా అభిప్రాయం. అది వారికి ఇంగ్లిషు, అమెరికన్ పొరుగువారి నుంచి తరువాత వచ్చిన అలవాటు. నిజంగా గౌరవించాలంటే నేతను చూపించాలి.

పొందూరు_రమణ
లలిత గారూ, ఆ గోధుమ రంగు పత్తికి అద్దకం వేయకుండానే ఆ రంగు వస్తుందా? మా శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తి, పునాస పత్తితో పాటు ఎర్ర పత్తి కూడా వడికేవారు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకడం ఇక్కడ ఇప్పటికీ ఉంది. రంగు పత్తికి పోగు పొట్టిగా ఉంటుందని, వడకడానికి నేర్పు ఎక్కువ కావాలని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు.

లలిత_లఫాయెట్
అవును రమణ గారూ, కాయ పగిలినప్పుడే ఆ రంగులో ఉంటుంది. ఉతికిన కొద్దీ వెలవకపోగా ఇంకా ముదురుతుంది. పోగు పొట్టిదన్న మాట కూడా నిజమే.

సూదిదారం_సుజాత
లలిత గారి వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నేత వారి మూల విద్య అన్నది నిజమే. కానీ మాధవి గారి చేతిలో ఉన్నది మగ్గం కాదు, మామగారి చొక్కాలు. పైగా సముద్ర తీర కెనడాలో గత నూరేళ్ళకు పైగా రైతుల ఇళ్ళలో కప్పుకున్నవి పాత ఉన్నితో కుట్టి, దారంతో ముడులు వేసిన బరువైన బొంతలే. ఆమె మామగారి తల్లి కుట్టిన గుడ్డలనే వాడడం వారసత్వం కాకుండా పోతుందా? పొరుగువారి నుంచి నేర్చుకున్నది కూడా నాలుగు తరాలు చేతిలో ఆడితే ఇంటిదే అవుతుంది.

మాధవి_మాంక్టన్
ఇద్దరి మాటా పాటించే దారి ఒకటి కనిపించింది. పెట్టె అడుగున చారల నేత దుప్పటి ముక్క ఒకటి ఉంది. పడుగు నూలు, పేక పాత గుడ్డ పీలికలు. మా అత్తగారి పుట్టింటిదట. దాన్ని కాతలోన్య్ అన్నారు. అంచులు చిరిగిపోయాయి కానీ మధ్య భాగం గట్టిగా ఉంది. దాన్ని కోయకుండా ఒక గడి స్థానంలో ఉన్నదున్నట్టు పెట్టవచ్చా?

సూదిదారం_సుజాత
నిస్సందేహంగా పెట్టవచ్చు. నాలుగు అంచులూ ముందు మిషను మీద దగ్గర కుట్టుతో బిగించి, ఆ తరువాతే కొలతకు కోయండి. లేకపోతే పేక పీలికలు చేతిలోకి ఊడి వస్తాయి. వెనుక ఇస్త్రీ వేడికి అంటుకునే పలచని అస్తరు వేస్తే ఇంకా మంచిది; ఏప్రన్లకు కూడా అదే చేయండి. ఉన్ని చొక్కాలను కోయడానికి ముందు గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచి, బయటకు తీసి మామూలు వేడికి వచ్చాక మళ్ళీ ఒక వారం పెట్టండి. చిమ్మట గుడ్లు ఏమైనా ఉంటే చస్తాయి. పెట్టెలో చాలాకాలం ఉన్న ఉన్నికి ఇది తప్పనిసరి.

కుట్లు_కబుర్లు
ఫ్రీజర్ తెరిచిన వారెవరైనా ఐస్‌క్రీమ్ పక్కన మామగారి చొక్కా చూసి కంగారు పడకుండా ముందే ఒక చీటీ అంటించండి.

వెంకట_టొరంటో
చలపతి గారి సలహా నాకు సమంజసంగా తోచింది, మాధవి గారి అత్తగారు పక్కన ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ మూడవ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. పండుగనాడు ఇచ్చే కానుకలో 1755 ఎందుకు? కప్పుకుని పడుకునే బొంత మీద శోకాన్ని కుట్టడం నాకు రుచించదు.

లలిత_లఫాయెట్
నేనైతే ఎవాంజెలీన్ బొమ్మ పెడితే చాలంటాను. అమెరికన్ కవి లాంగ్‌ఫెలో ఆమె మీద రాసిన కావ్యం వల్లనే కదా లోకానికి వీరి కథ తెలిసింది. ఇక్కడ సెయింట్ మార్టిన్‌విల్‌లో ఆమె పేరుతో ఓక్ చెట్టే ఉంది.

చలపతి_చరిత్ర
లలిత గారూ, ఎవాంజెలీన్ 1847లో వచ్చిన కావ్యంలోని కల్పిత నాయిక. ఆమె పట్ల అకాడియన్లకు ప్రేమ ఉంది, గ్రాన్ ప్రేలో విగ్రహమూ ఉంది. కానీ ఒక కుటుంబపు బొంత మీద ఆ కుటుంబంలో లేని మనిషి ఎందుకు?

వెంకట గారూ, 1755ను వదిలేస్తే మిగిలిన చరిత్ర నిలవదు. ఆ ఏడు సెప్టెంబరు 5న గ్రాన్ ప్రే చర్చికి పిలిపించిన 418 మంది పురుషులను, బాలురను లోపల ఉంచి, వారి భూములు, ఇళ్ళు, పశువులు బ్రిటిష్ రాజుకు జప్తు అయ్యాయని, వారిని ఈ ప్రాంతం నుంచి పంపివేస్తున్నారని కర్నల్ జాన్ విన్‌స్లో ప్రకటించాడు. ఆ తరువాత కుటుంబాలను ఓడలెక్కించి మసాచుసెట్స్ నుంచి జార్జియా దాకా విసిరేశారు. ఇది 1763 వరకు సాగింది. 1758 డిసెంబరులో డ్యూక్ విలియం అనే ఓడ మునిగి అందులోని వారిలో మూడు వందల అరవై మందికి పైగా చనిపోయారు. బతికి తిరిగి రాగలిగిన వారికి 1764లో అనుమతి ఇచ్చినా, పాత పొలాలు అప్పటికే ఇతరుల పాలయ్యాయి. మెమ్రమ్‌కుక్ వంటి చోట్ల మళ్ళీ మొదటి నుంచి కట్టలు కట్టుకున్నారు.

అయితే శోకాన్ని బొమ్మగా చూపించవలసిన పని లేదు. మీ బొంతలో కట్ట గీతలు ఉన్నాయి కదా. 1759 నవంబరులో పెద్ద తుపాను వచ్చి ఆ కరకట్టలను తెంచింది. మరుసటి ఏడు న్యూ ఇంగ్లండ్ నుంచి తెచ్చి నిలిపిన కొత్త రైతులకు వాటిని బాగుచేసే విద్య రాలేదు. చివరికి బందీలుగా ఉన్న అకాడియన్లనే పిలిపించి, ఒకనాడు తమవైన పొలాలకు వారి చేతనే కట్టలు వేయించారు.

మాధవి_మాంక్టన్
చలపతి గారూ, ఆఖరి రెండు వాక్యాలు నేను మా వారికి చదివి వినిపించాను. ఆయనకు చిన్నప్పటి నుంచి ఓడల గురించి తెలుసు కానీ ఈ సంగతి తెలియదు. కాసేపు మాట్లాడలేదు. తరువాత, దీన్ని తప్పకుండా పెట్టు అన్నారు.

సూదిదారం_సుజాత
అయితే ఇలా చేయండి. మూడవ వరుసలో ఒకే ఒక గడిని అమరికకు ఎదురుగా తిప్పి కుట్టండి. అక్కడ ఐమూల గీత తెగుతుంది, ముదురు రంగు లేత వైపుకు చొచ్చుకొస్తుంది, ఆ పక్క గడి నుంచి గీత మళ్ళీ అందుకుంటుంది. తెలియని వారికి అది నమూనాలో ఒక మలుపు, తెలిసిన వారికి తెగిన కట్ట. నల్ల గుడ్డ అక్కరలేదు, కన్నీటి బొట్లు అక్కరలేదు. వెంకట గారికి కూడా ఇది నచ్చవచ్చు.

వెంకట_టొరంటో
నచ్చింది. నా మాట వెనక్కు తీసుకోవడం లేదు గాని, ఇది శోకం కంటే నిర్మాణాన్ని చెబుతుంది కనుక ఒప్పుకుంటున్నాను. ఇంకొక విషయం: ఆ నేల అకాడియన్లకు ముందు మిక్మాక్ ఆదివాసులది. వెళ్ళగొట్టే రోజుల్లో అడవుల్లో దాక్కున్న చాలా కుటుంబాలకు వారే ఆశ్రయమిచ్చారు. వారి ప్రస్తావన ఉండాలి.

లలిత_లఫాయెట్
మిక్మాక్‌ల ముళ్ళపంది ముళ్ళ అల్లిక నమూనాలు ఎంతో అందంగా ఉంటాయి, అంచుకు అవి వాడవచ్చేమో.

చలపతి_చరిత్ర
దయచేసి వద్దు. అది వారి కళ, వారి చేతి నుంచే రావాలి. బొంత వెనుక కుట్టే చీటీలో ఆ నేల మిక్మాక్‌లదని, వారి సాయంతో ఈ కుటుంబం నిలిచిందని ఒక వాక్యం రాస్తే గౌరవంగా ఉంటుంది. ఈ కుటుంబానికి ఆ సాయం అందినట్టు ఆధారం ఉంటేనే ఆ రెండవ సగం రాయాలి.

బొంతల_సరోజిని
పేర్లు ఎక్కడ కుడతారు? బొంత మీద పేర్లు లేకపోతే రెండు తరాల తరువాత అది ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

మాధవి_మాంక్టన్
పేర్ల గురించి మా అత్తగారు ఒక మంచి మాట చెప్పారు. ఆ లోయలో లెబ్లాన్‌లు ఎందరో, అందులో పియేర్‌లు, జాన్‌లు ఎందరో. అందుకని మనిషిని పిలిచేటప్పుడు తండ్రి పేరు, తాత పేరు కలిపి గొలుసుగా చెప్పేవారు. మార్క్ ఆ పియేర్ ఆ జాన్, అంటే జాన్ కొడుకైన పియేర్ కొడుకు మార్క్ అన్నమాట. ఆమె మామగారిని ఊళ్ళో ఇప్పటికీ అలాగే తలచుకుంటారట. ఆ గొలుసును అంచు పట్టీ మీద దానియెల్ నుంచి మా పిల్లల దాకా కుట్టాలని ఉంది.

చలపతి_చరిత్ర
కుట్టడానికి ముందు ప్రతి తరాన్నీ రికార్డుతో సరిచూసుకోండి. ఇంటర్నెట్‌లో ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న వంశవృక్షాలను నమ్మవద్దు. ఒకే పేరుగల ఇద్దరిని కలిపేసిన సందర్భాలు అందులో కోకొల్లలు. మీకు దగ్గరలోనే, మాంక్టన్ విశ్వవిద్యాలయంలో ఆన్సెల్మ్ షియాసన్ అకాడియన్ అధ్యయన కేంద్రం ఉంది. అకాడియన్ కుటుంబాల విషయంలో అంతకు మించిన చోటు లేదు. గ్రాన్ ప్రే చర్చి పుస్తకాల కథ కూడా అక్కడ అడగండి: 1707 నుంచి 1748 వరకు పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసిన ఆ పుస్తకాలను వెళ్ళగొట్టబడినవారు తమతో పాటు మోసుకుపోయి లూసియానా చేర్చారు. అవి ఇప్పుడు బాటన్ రూజ్ డయోసీస్ భాండాగారంలో ఉన్నాయి. ఓడలో పట్టినంత సామాను మాత్రమే తీసుకెళ్ళనిచ్చిన రోజుల్లో వారు పేర్ల పుస్తకాలను వదలలేదు.

లలిత_లఫాయెట్
ఆ పుస్తకాలు నాకు కూడా తెలుసు. మాధవి గారికి అవసరమైతే ఇక్కడి నుంచి నేను విచారించి చెబుతాను.

కుట్లు_కబుర్లు
అంచు మీద అంత పొడవు పేర్లు మిషను ఎంబ్రాయిడరీతో అయితే త్వరగా అవుతాయి కదా?

సూదిదారం_సుజాత
త్వరగా అవుతాయి, కానీ ఉన్ని మీద మిషను అక్షరాలు గుడ్డలోకి కూరుకుపోతాయి. పిండి సంచుల గుడ్డను రెండున్నర అంగుళాల పట్టీగా కోసి, దాని మీద పెన్సిలుతో రాసుకుని, రెండు పోగుల దారంతో కాడకుట్టు వేయండి. వంపు తిరిగే అక్షరాలకు కాడకుట్టంత సాఫీగా మరేదీ రాదు. సరిచూడడం పూర్తికాని పేరు ఉంటే ఆ జాగా ఖాళీగా వదలండి, తరువాత ఎప్పుడైనా కుట్టుకోవచ్చు.

మాధవి_మాంక్టన్
ఇవాళ నమూనా కాగితం మీద గీసి మా అత్తగారికి చూపించాను. కట్టలు, ఎర్ర చదరాలు, తెగిన గీత, పేర్ల గొలుసు అన్నీ ఆమెకు నచ్చాయి. నేత ముక్కను చేత్తో తడిమి చూశారు. ఆ తరువాత ఆమె అడిగిన మొదటి మాట: నక్షత్రం ఏది?

ఆమె చిన్నతనంలో బడిలో ఫ్రెంచి మాట్లాడితే చిన్నచూపు చూసేవారట. తన ఇంటి ముందు ఆ నక్షత్రపు జెండా ఎగరవేయడం ఆమెకు ఎంత పెద్ద విషయమో అప్పుడు చెప్పారు. ఆగస్టు 15న గిన్నెలు, గరిటెలు మోగిస్తూ వీధుల్లో నడిచే తాంతమార్ ఊరేగింపుకు ఆమె ఏటా వెళతారు. నక్షత్రం లేకుండా నేను ఈ బొంత ఇవ్వలేను.

బొంతల_సరోజిని
ఇక చర్చ ఏముంది, నక్షత్రం పెట్టండి.

చలపతి_చరిత్ర
నేను జెండాకు ముందున్నది కుట్టమన్నాను, జెండా వద్దనలేదు. ఆమె జీవితం కూడా ఆ వారసత్వంలో భాగమే. ఒక్క సూచన: జెండాలో నక్షత్రం నడుమన ఉండదు, కర్ర వైపు నీలం పట్టీలో పైభాగాన ఉంటుంది. అది మరియమ్మకు గుర్తైన సముద్ర తార, దిక్కు చూపే చుక్క. బొంతలో కూడా ఎడమ వైపు పై మూల గడిలో పెడితే సరిగ్గా ఉంటుంది. లూసియానా అకాడియన్ల జెండాలో నక్షత్రం తెల్లని భాగంలో ఉంటుంది కాబట్టి రెండింటినీ కలపకండి.

మాధవి_మాంక్టన్
అలాగే చేస్తాను. ఆ గడికి నీలం రంగు మామగారి పనిబట్టల్లోనే దొరికింది, పసుపు అత్తగారి పాత కర్టెను. ఐదు కోణాల నక్షత్రం అంచులు మడిచి కుట్టడం నాకు కొత్త. మొనలు మొద్దుబారకుండా ఎలా వస్తాయి?

సూదిదారం_సుజాత
ఫ్రీజర్ పేపరు (ఒక వైపు పలచని ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం) మీద నక్షత్రం గీసి కోసి, దాని నున్నటి వైపును పసుపు గుడ్డ వెనుక ఇస్త్రీతో అంటించండి. చుట్టూ పావు అంగుళం వదిలి కోయండి. ప్రతి మొన దగ్గర ముందు కొసను లోపలికి మడవండి, తరువాత ఒక పక్క, ఆపైన రెండవ పక్క. అదనపు గుడ్డను కత్తిరించాలి, లేకపోతే గడ్డకడుతుంది. లోపలి మూలల్లో కాగితం దాకా ఒక చిన్న గాటు పెట్టండి. నీలం గుడ్డ మీద పసుపు రంగు దారంతో కనిపించని చేతికుట్టు వేసి, వెనుక నుంచి గాటు పెట్టి కాగితం లాగేయండి. ఎర్ర చదరాల గుడ్డను మాత్రం ముందు తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే తెల్ల పిండి సంచుల పక్కన దాన్ని వాడవద్దు.

ఇంతా అయ్యాక మధ్యలో దూది పొర వేయకండి. ఉన్ని, దాని అడుగు గుడ్డ కలిసి ఇప్పటికే బరువు. వెనుక మెత్తని ఫ్లానెల్ వేసి, కచ్చా కుట్టుతో మూడు పొరలనూ పట్టి, ప్రతి గడి నడుమ, నాలుగు మూలల, అంచుల మధ్య ఉన్ని దారంతో ముడి వేయండి. అంటే ఆరేసి అంగుళాలకు ఒక ముడి. మీ మెమ్రమ్‌కుక్ పాత బొంతల్లాగే ఉంటుంది.

వెంకట_టొరంటో
ముడులు వేసే రోజున ఇంటివాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టి తలా కొన్ని వేయించండి, మాధవి గారూ. నా మొదటి అభ్యంతరం కూడా దానితో తీరిపోతుంది.

మాధవి_మాంక్టన్
ఆడపడుచులిద్దరికీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. జూలైలో వస్తామన్నారు. అప్పటికి 30 గడులూ కలిపి సిద్ధంగా ఉంచుతాను. ఫ్లానెల్ ఏ రంగు బాగుంటుందో ఎవరైనా చెప్పండి; ఎరుపు, బూడిద రెండూ దొరుకుతున్నాయి.

బొంతల_సరోజిని
బూడిద రంగు వేయండి, పైన ఉన్న ఎరుపుకు పోటీ రాకూడదు.